క్యూటీ స్టేట్ మెషీన్: తల్లి స్థితికి ఏది అప్పగించాలి

ఒక వాషింగ్ మెషీన్ ముందుతెర వెనుక నడిచే తర్కాన్ని నేను మొదట మామూలు స్విచ్ కేసులతోనే, అంటే విలువను బట్టి దారి ఎంచుకునే కోడ్‌తోనే, రాశాను. అవును, కాదు అని మాత్రమే చెప్పే బూలియన్ జెండాలు పద్దెనిమిదికి చేరాక, తలుపు తీసినప్పుడు వాటిలో ఏది దించాలో, ఏది ఎత్తాలో రాసిన నాకే గుర్తుండని పరిస్థితి వచ్చింది. దాంతో అదే తర్కాన్ని, సీ ప్లస్ ప్లస్‌లో తెరలూ అప్లికేషన్లూ రాయడానికి వాడే క్యూటీ అనే సాధనాల సంపుటిలోని స్టేట్ మెషీన్ (ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నామో, ఏ సంఘటనకు ఎటు మారాలో చెప్పే నమూనా) ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చి, పరీక్షబల్ల మీద చాలాకాలం నడిపి, మధ్యలో ఒకసారి దాదాపు మొత్తం చెరిపేసి మళ్ళీ గీసుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక స్థితిలో మరొక స్థితిని ఇమిడ్చే పద్ధతి నమ్మదగినది, దాని నియమాలు పకడ్బందీగా ఉన్నాయి. కాని బయట ఉండే తల్లి స్థితికి ఏ బాధ్యత అప్పగించాలి, లోపల ఉండే పిల్ల స్థితి దగ్గరే ఏది ఆగిపోవాలి అన్నది కాగితం మీద తేల్చుకోకుండా కోడ్‌లోకి దిగినవారిని అది బాగానే ఇబ్బంది పెడుతుంది.

ఈ ఆలోచన క్యూటీ సొంతం కాదు. యుద్ధవిమానపు ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) వ్యవస్థ ప్రవర్తనను ఎలా వర్ణించాలన్న పనిలో ఇంజినీర్లతో కలిసి కూర్చున్న కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ హారెల్, 1987లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో స్టేట్‌చార్ట్ అనే చిత్రభాషను ప్రతిపాదించారు. మామూలు స్టేట్ మెషీన్‌కు ఆయన చేర్చినవాటిలో ముఖ్యమైనవి రెండు: స్థితిలో స్థితి ఉండటం, పక్కపక్కనే రెండు స్థితులు ఒకేసారి జీవించి ఉండటం. ఆ భావనలను ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసే పాఠ్య ఫైలు) రూపంలో రాసుకునే ఎస్‌సీఎక్స్‌ఎంఎల్‌ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2015లో ప్రమాణంగా ఆమోదించింది. క్యూటీ అంతకాలం ఆగలేదు. ఆ ప్రమాణం ఇంకా ముసాయిదాగా ఉన్నప్పుడే, 2009 డిసెంబరులో వచ్చిన 4.6 వెర్షన్‌తో, దాని నియమాలనే అనుసరించే సీ ప్లస్ ప్లస్ తరగతులను అందించింది. అందువల్ల స్టేట్‌చార్ట్‌లు తెలిసినవారికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ. తెలియనివారు ఇక్కడ నేర్చుకున్నది మరో ఫ్రేమ్‌వర్క్‌కు మారినా వృథా పోదు.

వాడకం తేలిక. ప్రతి స్థితీ ఒక క్యూస్టేట్ వస్తువు. ఒక స్థితిని సృష్టించేటప్పుడు మరో స్థితిని దానికి తల్లిగా ఇస్తే అంతస్తు ఏర్పడుతుంది. ఏ సిగ్నల్ (ఫలానాది జరిగిందన్న కబురు) వస్తే ఏ స్థితికి వెళ్ళాలో, అంటే ఆ ట్రాన్సిషన్‌ను, యాడ్‌ట్రాన్సిషన్ అనే ఒక్క పిలుపుతో చెప్పవచ్చు. సిగ్నల్ వచ్చినప్పుడు ఫ్రేమ్‌వర్క్ ముందుగా లోపలి పిల్ల స్థితిని అడుగుతుంది, అక్కడ జవాబు లేకపోతే తల్లిని, అక్కడా లేకపోతే ఆ పై తల్లిని అడుగుతుంది. స్థితి మారేటప్పుడు నిష్క్రమణ పనులు లోపలి నుంచి బయటికి, తర్వాత ట్రాన్సిషన్ పని, ఆపైన ప్రవేశ పనులు బయటి నుంచి లోపలికి జరుగుతాయి. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు ముందు గది తలుపు, తర్వాత వీధి తలుపు వేసుకుని, తిరిగి వచ్చినప్పుడు ముందు వీధి తలుపు తీసినట్టే ఇది. ఈ వరుస ఎప్పుడూ తప్పదు కాబట్టి, మోటారుకు కరెంటు ఇవ్వడం తల్లి ప్రవేశంలోను, తీసెయ్యడం తల్లి నిష్క్రమణలోను ఒక్కసారి రాసిపెడితే, లోపల ఎన్ని పిల్ల స్థితులు మారినా ఆ సంగతి మళ్ళీ తలచుకోనక్కరలేదు.

నా మొదటి డిజైన్‌లో జరిగిన తప్పు ఫ్రేమ్‌వర్క్‌ది కాదు, పూర్తిగా నాదే. నీరు నింపడం, నీరు తోడడం రెండూ నీటికి సంబంధించినవే కదా అని వాటిని ‘నీటిపని’ అనే తల్లి కింద పెట్టాను. ఉతకడం, జాడించడం రెండింటిలోనూ డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వాటిని ‘తిప్పుడు’ అనే మరో తల్లి కింద పెట్టాను. చూడటానికి బొమ్మ ముచ్చటగా ఉంది. తీరా ట్రాన్సిషన్లు రాయబోతే, ‘నీటిపని’ అన్న తల్లి దగ్గర రాయడానికి ఒక్క ట్రాన్సిషన్ కూడా దొరకలేదు. నింపేటప్పుడు నీరు రాకపోతే చేయవలసింది ఒకటి, తోడేటప్పుడు గొట్టం మూసుకుపోతే చేయవలసింది మరొకటి. పైగా తలుపు బటన్‌కు స్పందించే ట్రాన్సిషన్‌ను రెండు తల్లుల దగ్గరా విడివిడిగా రాయవలసి వచ్చింది. పోలికను బట్టి కాకుండా, ఒకే సంఘటనకు ఒకే జవాబు చెప్పే స్థితులను ఒక తల్లి కిందికి చేర్చాలన్నది అప్పుడు అర్థమైంది. రెండో డిజైన్‌లో నీరు నింపడం, ఉతకడం, జాడించడం, తోడడం, పిండడం అన్నీ ‘నడక’ అనే ఒకే తల్లి కిందికి వచ్చాయి. తలుపు అడిగితే విరామానికి, లోపం వస్తే లోప స్థితికి, రద్దు నొక్కితే నీరు తోడి ముగింపుకు వెళ్ళే మూడు ట్రాన్సిషన్లు ఆ తల్లి దగ్గర ఒక్కోసారే రాసి ఉన్నాయి. తన పేరిట ఒక్క ట్రాన్సిషన్ గాని, ప్రవేశ నిష్క్రమణ పని గాని లేని తల్లి కనబడితే ఇప్పుడు నేను దాన్ని వెంటనే తీసేస్తాను. అది బొమ్మకు అలంకారమే తప్ప డిజైన్‌కు పనికిరాదు.

అసలు పరీక్ష గార్డ్ దగ్గర ఎదురైంది. గార్డ్ అంటే, సంఘటన వచ్చినా ఫలానా షరతు నిజమైతేనే ట్రాన్సిషన్ జరగాలని పెట్టే కాపలా. పిండేటప్పుడు డ్రమ్ము నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంది కాబట్టి తలుపు అడగగానే తాళం వదలకూడదు. అందుకని ‘పిండడం’ అనే పిల్ల స్థితి దగ్గర, తలుపు అడిగినప్పుడు డ్రమ్ము వేగం సున్నా అయితేనే విరామానికి వెళ్ళమని ఒక గార్డ్ రాశాను. తల్లి దగ్గర ఉన్న సాధారణ నియమాన్ని పిల్ల దగ్గరి ప్రత్యేక నియమం కప్పేస్తుందని నేను అనుకున్నాను. పరీక్షబల్ల మీద డ్రమ్ము పూర్తి వేగంతో తిరుగుతుండగా తలుపు బటన్ నొక్కితే, తెర మీద విరామం కనబడింది, తాళం వదలమన్న ఆదేశం కూడా వెళ్ళిపోయింది. తాళానికి ఉన్న విడి విద్యుత్ రక్షణ ఆ ఆదేశాన్ని తిరస్కరించింది కాబట్టి ఏమీ కాలేదు. అయినా ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది.

జరిగింది ఇది. పిల్ల స్థితిలోని గార్డ్ ‘కాదు’ అన్నప్పుడు ఆ సంఘటన అక్కడితో ఆగదు. పిల్ల అసలు జవాబే చెప్పలేదన్న లెక్కతో ఫ్రేమ్‌వర్క్ తల్లి దగ్గరికి వెళ్తుంది. తల్లి దగ్గర షరతు లేని ట్రాన్సిషన్ సిద్ధంగా ఉంది, అది జరిగిపోయింది. ఇది లోపం కాదు. స్టేట్‌చార్ట్ నియమం ప్రకారం ఇదే సరైన ప్రవర్తన, క్యూటీ దాన్ని అక్షరాలా పాటించింది. ‘వద్దు’ అనడం వేరు, ‘నాకు సంబంధం లేదు’ అనడం వేరు అన్న సంగతి నేనే గమనించుకోలేదు.

సరిదిద్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గార్డ్ ఉన్న ట్రాన్సిషన్ తర్వాత అదే సంఘటనకు గమ్యం లేని మరో ట్రాన్సిషన్‌ను పిల్ల దగ్గరే చేర్చడం. గమ్యం లేని ట్రాన్సిషన్ జరిగినా ఏ స్థితి నుంచీ నిష్క్రమించడం, ఏ స్థితిలోకీ ప్రవేశించడం ఉండదు, సంఘటన మాత్రం అక్కడే ఖర్చయిపోతుంది. ‘డ్రమ్ము ఆగేదాకా వేచి ఉండండి’ అన్న సందేశాన్ని కూడా దానికే తగిలించవచ్చు. రెండోది, నేను చివరికి ఎంచుకున్నది, షరతునే స్థితిగా మార్చడం. ‘పిండడం’ లోపల ‘వేగం’, ‘ఆగుతోంది’ అనే రెండు పిల్లలను పెట్టి, వేగంలో ఉండగా తలుపు అడిగితే ‘ఆగుతోంది’లోకి వెళ్ళేట్టు, వేగం సున్నా అయిందన్న సిగ్నల్ వచ్చాకే అక్కడి నుంచి విరామానికి వెళ్ళేట్టు రాశాను. ‘ఆగుతోంది’లో ఉండగా మళ్ళీ బటన్ నొక్కేవారు ఉంటారు కాబట్టి అక్కడ ఒక గమ్యం లేని ట్రాన్సిషన్ తప్పలేదు. అయినా గార్డ్ పూర్తిగా పోయింది. బటన్ ఒక్కసారి నొక్కితే చాలు, డ్రమ్ము ఆగగానే తలుపు దానంతట అదే వదులుతుంది. గార్డ్‌తో రాసినప్పుడు వాడుకరి డ్రమ్ము ఆగిందో లేదో చూసుకుని మళ్ళీ నొక్కవలసి వచ్చేది. ఒక గార్డ్ మరీ ముఖ్యమైనదిగా కనిపిస్తే, దాని వెనుక పేరు పెట్టని స్థితి ఒకటి దాగి ఉందేమోనని వెతకడం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

గార్డ్ రాసే విధానం మీద మాత్రం నాకు అసంతృప్తి ఉంది. సీ ప్లస్ ప్లస్ తరగతులతో పని చేసేటప్పుడు ట్రాన్సిషన్‌కు షరతును ఒక చిన్న లాంబ్డాగా (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్‌గా) ఇచ్చే సౌకర్యం లేదు. ప్రతి షరతుకూ క్యూసిగ్నల్‌ట్రాన్సిషన్ నుంచి కొత్త తరగతిని తీసి, ఈవెంట్‌టెస్ట్ అనే ఫంక్షన్‌ను తిరగరాయాలి. అందులోనూ మొదటి పంక్తిగా మూల తరగతి ఈవెంట్‌టెస్ట్‌ను పిలిచి, అది కాదంటే వెనుదిరగాలి. ఆ పంక్తి మరిచిపోతే తనది కాని ఈవెంట్‌కు కూడా ట్రాన్సిషన్ స్పందిస్తుంది. రెండు మూడు గార్డులున్న చోట ఇది భరించవచ్చు, ఇరవై ఉన్న చోట చిన్న చిన్న తరగతులతో ఫైళ్ళు నిండిపోతాయి. నేను ఒక టెంప్లేట్ తరగతి రాసుకుని దానికి లాంబ్డాలు అందించి గట్టెక్కాను. ఇంత తరచుగా వచ్చే అవసరానికి సౌకర్యం ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉండవలసింది.

హిస్టరీ స్థితి ఈ ఫ్రేమ్‌వర్క్‌లో నాకు బాగా నచ్చిన భాగం. విరామం తర్వాత ‘కొనసాగించు’ నొక్కితే ‘నడక’లోని ఏ దశలో ఆపామో అక్కడికే తిరిగి వెళ్ళడానికి ఒక క్యూహిస్టరీస్టేట్ చాలు, ఎక్కడ ఆగామో గుర్తుపెట్టుకునే కోడ్ ఒక్క పంక్తి కూడా రాయనక్కరలేదు. అయితే దాని సహజ ధోరణి ఒక్క అంతస్తు వరకే గుర్తుంచుకోవడం. నా డిజైన్‌లో ‘ఉతకడం’ లోపల ‘నానబెట్టడం’, ‘తిప్పడం’ అని రెండు పిల్లలున్నాయి. తిప్పేటప్పుడు ఆపి కొనసాగిస్తే యంత్రం ‘ఉతకడం’లోకి తిరిగి వెళ్ళి, దాని ఆరంభ స్థితి అయిన నానబెట్టడం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. హిస్టరీ రకాన్ని అన్ని అంతస్తులూ గుర్తుంచుకునే డీప్‌హిస్టరీకి మారిస్తే ఈ సమస్య తీరింది, దాని వెంటే మరొకటి బయటపడింది. హిస్టరీ ద్వారా వెళ్ళినా స్థితి ప్రవేశ పనులు మామూలుగానే జరుగుతాయి. నానబెట్టడంలో ప్రవేశించగానే ఇరవై నిమిషాల టైమర్ మొదలయ్యేలా రాశాను కాబట్టి, పద్దెనిమిదో నిమిషంలో ఆపి కొనసాగిస్తే మళ్ళీ ఇరవై నిమిషాలు మొదలయ్యాయి. హిస్టరీకి స్థితి గుర్తుంటుంది, కాలం గుర్తుండదు. మిగిలిన సమయాన్ని మెషీన్ బయట ఒక వేరియబుల్‌లో ఉంచి, ప్రవేశంలో దాన్ని చదివి టైమర్ పెట్టడమే మార్గం. కరెంటు పోతే హిస్టరీ కూడా పోతుంది కాబట్టి, ఆ వేరియబుల్‌తో పాటు ప్రస్తుత స్థితి పేరునూ శాశ్వత నిల్వలో రాసుకోవడం ఎటూ తప్పదు. హిస్టరీ ఇంకా ఏమీ చూడనప్పుడు ఎక్కడికి వెళ్ళాలో డిఫాల్ట్ స్థితిగా చెప్పడం మరవకూడదు.

పక్కపక్కనే ఒకేసారి జీవించి ఉండే సమాంతర స్థితుల గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అవి చెప్పినట్టే పని చేస్తాయి. ఉతుకుడులో ఆరు దశలు, తాళానికి మూడు స్థితులు, తెర వెలుగుకు రెండు స్థితులు ఉన్నాయనుకుంటే, అన్నీ ఒకే వరుసలో రాస్తే ముప్పై ఆరు కలయికలు అవుతాయి. ప్యారలల్‌స్టేట్స్ అన్న ఒక్క అమరికతో అవి పదకొండు స్థితులకు తగ్గుతాయి. అన్ని భాగాలూ తమ తమ ముగింపు స్థితికి చేరితేనే తల్లి ఫినిష్డ్ సిగ్నల్ ఇస్తుంది. జాగ్రత్తపడవలసింది ఒక్క చోటే: ఒక భాగంలోని ట్రాన్సిషన్ గమ్యం ఆ సమాంతర తల్లికి బయట ఉంటే, మిగిలిన భాగాలన్నీ కూడా మూతపడతాయి. లోపం వచ్చినప్పుడు మనకు కావలసింది అదే కావచ్చు, తెర వెలుగు తగ్గించడానికి మాత్రం కాదు.

స్థితిలో ప్రవేశించగానే తెర మీది వస్తువుల గుణాలను అమర్చే అసైన్‌ప్రాపర్టీ, క్యూటీకి ప్రత్యేకమైన సౌకర్యం. బటన్ మీది మాట, దీపం రంగు వంటివి స్థితి నిర్వచనం దగ్గరే కనిపించడం చదువరికి ఎంతో మేలు. కాని సహజ ధోరణి ప్రకారం, స్థితి నుంచి బయటికి వచ్చినప్పుడు పాత విలువ తిరిగి రాదు. విరామంలో బటన్ మీద ‘కొనసాగించు’ అని పెట్టి, ‘నడక’లో ఏమీ పెట్టకపోతే, ఉతుకుడు మళ్ళీ మొదలయ్యాక కూడా బటన్ మీద ‘కొనసాగించు’ అనే ఉంటుంది. మెషీన్‌కు రిస్టోర్‌ప్రాపర్టీస్ విధానం పెడితే విలువ వెనక్కి వెళ్తుంది గాని, స్థితులు ముట్టుకోకముందు ఉన్న విలువకు వెళ్తుంది, నా విషయంలో అది ‘మొదలుపెట్టు’. రెండూ తప్పే. ‘నడక’ అన్న తల్లి దగ్గర ‘ఆపు’ అని స్పష్టంగా అమర్చడంతో ఇది తీరిపోయింది. గుణాలకు యానిమేషన్ తగిలించేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఎంటర్డ్ సిగ్నల్ వచ్చేసరికి విలువ ఇంకా దారిలోనే ఉంటుంది, గమ్యానికి చేరిందని తెలియాలంటే ప్రాపర్టీస్‌అసైన్డ్ సిగ్నల్ కోసం ఆగాలి.

కొత్తవారిని మొదటి రోజే తికమకపెట్టేది స్టార్ట్ అన్న పిలుపు. దాన్ని పిలిచిన మరుక్షణం మెషీన్ ఏ స్థితిలోనూ ఉండదు. నియంత్రణ, వచ్చిన సంఘటనలను ఒక్కొక్కటిగా అందించే ఈవెంట్ లూప్‌కు తిరిగి చేరాకే అది ఆరంభ స్థితిలో ప్రవేశిస్తుంది. పరీక్షలు రాసేటప్పుడు స్టార్ట్ తర్వాత స్టార్టెడ్ సిగ్నల్ కోసం ఆగకుండా స్థితిని సరిచూస్తే పరీక్ష విఫలమవుతుంది. తల్లికి ఆరంభ స్థితి చెప్పడం మరిచిపోయినా కంపైలర్ ఏమీ అనదు. యంత్రం నడుస్తూ ఆ స్థితి దాకా వచ్చినప్పుడే, లోప స్థితి ఏదీ పెట్టకపోతే కన్సోల్‌లో ఒక సందేశం ముద్రించి మెషీన్ ఆగిపోతుంది. ప్రతి స్థితికీ ఆబ్జెక్ట్‌నేమ్ పెట్టి, కాన్ఫిగరేషన్ ఫంక్షన్ ఇచ్చే క్రియాశీల స్థితుల జాబితాను లాగ్‌లో రాసుకోవడం నాకు డీబగ్గర్ కన్నా ఎక్కువ ఉపయోగపడింది. డాక్యుమెంటేషన్ స్పష్టంగానే ఉంది గాని, ట్రాఫిక్ దీపం, రెండువైపుల బటన్ వంటి ఉదాహరణలు చిన్నవి. తల్లి నుంచి సొంత పిల్లకు వెళ్ళే ట్రాన్సిషన్ సహజంగా తల్లి నుంచి నిష్క్రమించి మళ్ళీ ప్రవేశిస్తుందనీ, అలా వద్దనుకుంటే 5.5 నుంచి వచ్చిన ఇంటర్నల్‌ట్రాన్సిషన్ రకం పెట్టుకోవాలనీ నాకు మోటారు రెండుసార్లు కరెంటు అందుకున్నప్పుడే తెలిసింది.

వెర్షన్ల సంగతి వాడేముందు చూసుకోవాలి. 5వ తరంలో ఇది కోర్ భాగంలోనే ఉండేది. 6.0లో కనిపించలేదు, 2021లో వచ్చిన 6.1 నుంచి విడి మాడ్యూల్‌గా తిరిగి వచ్చింది. కాబట్టి పాత ప్రాజెక్టును మార్చేటప్పుడు బిల్డ్ ఫైలులో ఆ మాడ్యూల్‌ను ప్రత్యేకంగా కోరాలి. క్యూటీలో తెరలను వర్ణించే క్యూఎంఎల్ భాషలో రాసేవారికి 5.4 నుంచి అదే మాటలలో రాసుకునే రూపం ఉంది. ఎస్‌సీఎక్స్‌ఎంఎల్ ఫైలును నేరుగా చదివే మరో మాడ్యూల్ 5.7తో వచ్చింది. దానిలో గార్డ్‌ను ఒక్క పంక్తి షరతుగా ఫైలులోనే రాయవచ్చు, క్యూటీ క్రియేటర్ అనే ఎడిటర్‌లో బొమ్మగా గీసుకోవచ్చు, కంపైల్ సమయంలోనే సీ ప్లస్ ప్లస్ తరగతిగా మార్చుకోవచ్చు. గార్డులు ఎక్కువగా ఉండే పని అయితే, మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తే నేను దాన్నే తీసుకుంటాను.

లినక్స్ నడిచే బోర్డు మీద తెరతో కూడిన పరికరానికి, డెస్క్‌టాప్ అప్లికేషన్‌కు దీన్ని నేను ధైర్యంగా సూచిస్తాను. కొన్ని కిలోబైట్ల మెమరీ ఉన్న మైక్రోకంట్రోలర్‌కు ఇది తగదు, ఎందుకంటే ఇక్కడ ప్రతి స్థితీ, ప్రతి ట్రాన్సిషనూ పూర్తి క్యూఆబ్జెక్ట్, అంటే మెమరీ ఎక్కువ తీసుకునే క్యూటీ మూల వస్తువు. అటువంటి చోట మీరో సామెక్ రూపొందించిన క్యూపీ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్ వంటిది సరిపోతుంది. అందులో స్థితి అంటే ఒక ఫంక్షన్ మాత్రమే, దానికి బదులు సమాంతర స్థితులు, హిస్టరీ వంటివి మనమే కట్టుకోవాలి. మా యంత్రంలో తెర బోర్డు మీద క్యూటీ, మోటారు బోర్డు మీద చేతితో రాసిన చిన్న స్విచ్ కేసు ఇప్పటికీ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఆ స్విచ్ కేసులో స్థితులు నాలుగే కాబట్టి దాన్ని మార్చాలని నాకు అనిపించలేదు.